సూది, పీట, ఎనభై నాలుగు కిలోలు

షేపింగ్ గది,
మార్చి 3

అన్నయ్యకి,

ఇక్కడ నేనూ, చిత్రికా, దుమ్మూ క్షేమం. అక్కడ నువ్వూ, వదినా, నువ్వు బాగుచేసే లిఫ్టులూ క్షేమమనే అనుకుంటున్నాను.

ఈ ఉత్తరం నీకు బోర్డుల సంచిలో దొరికి ఉండాలి. సంచిలో రెండు సర్ఫుబోర్డులుంటాయి. ఒకటే కనిపిస్తే రవాణా వాళ్ళతో పోట్లాడు, నాతో కాదు.

సంగతేంటంటే, మా వీధి చివర సర్ఫింగ్ సామాను అమ్మే కొట్టు ఆయన నన్నొక షార్ట్‌బోర్డు తయారుచేసి చూపించమన్నాడు. రోజువారీ అలలకి పనికొచ్చేది కావాలట. నచ్చితే అదే రకం ముప్పై చేయిస్తాడట. రోజువారీ అలలంటే నీకు నేను చెప్పాలా? ఆయన గోడ మీది పోస్టర్లో ఉండేవి కావు. బొడ్డెత్తు లేచి, ఇంట్లో ఏదో పని గుర్తొచ్చినట్టు సగంలో ఆగిపోయేవి. ఏడాదిలో మూడొందల రోజులు దొరికేవి అవే. జనం మాత్రం మిగతా అరవై రోజుల కోసం బోర్డు కొనుక్కుని, మూడొందల రోజులు దాన్ని తిట్టుకుంటారు.

అందుకని రెండు చేశాను. సన్న ముక్కు, గుండ్రటి తోక, అడుగున వంపు ఎక్కువ ఉన్నది సూది. వెడల్పు ముక్కు, కత్తిరించినట్టుండే తోక, వంపు తక్కువ ఉన్నది పీట. రెండూ ముప్పై రెండేసి లీటర్లు. లీటర్లంటే ఏంటని వదిన అడిగితే, బోర్డు మొత్తాన్ని ముంచితే పక్కకి తప్పుకునే నీళ్ళని చెప్పు. లీటర్లు పెరిగితే తేలుడు పెరుగుతుంది. నీ ఎనభై నాలుగు కిలోలకి ముప్పై రెండు సరిపోవాలి.

రెండూ ఎక్కి చూసి తేడా రాయి. ఫోను చెయ్యకు. ఫోనులో బోర్డు ఎలా ఉందని అడిగితే అందరూ "బాగుంది" అంటారు. కాగితం, పెన్నూ చేతిలో పెడితే ఏడ్చుకుంటూ నిజం రాస్తారు. పదేళ్ళుగా చూస్తున్నాను.

మణికట్టు సంగతి అడుగుతావని ముందే చెప్పేస్తున్నా. కట్టు విప్పేశారు. బాగానే ఉంది.

పొట్టి

*

వంటింటి బల్ల,
మార్చి 25

పొట్టికి,

రెండూ చేరాయి. రవాణా వాళ్ళతో పోట్లాడే అవకాశం రాలేదు.

మనిషి బరువు ఎనభై నాలుగు. అల బొడ్డెత్తు. గాలి ఒడ్డు వైపుకి, కొద్దిగా. తొమ్మిది రోజులు చూశాక రాస్తున్నాను.

సూది, అల నిటారుగా ఉన్నంతసేపు చెప్పిన మాట వింటుంది. అల మెత్తబడిందా, అక్కడే ఆగిపోయి ఇంకెవరైనా తోస్తారేమో అని చూస్తుంది. పీట అలా కాదు. అల చచ్చిపోయిన చోట కూడా జారుకుంటూ పోయి, ఇంకో పది గజాలు లాక్కొస్తుంది. రోజువారీ అలలకి పీటదే పైచెయ్యి, అందులో నాకు సందేహం లేదు.

అయితే రెండింటికీ ఒకటే జబ్బు. తేలుడు మరీ ఎక్కువ. మలుపులో అంచు నీళ్ళలోకి దిగాలి కదా, దిగదు. తోక మీద ఎంత తొక్కినా పైన మనిషున్న సంగతి దానికి తెలిసినట్టే లేదు. అల కోసం కూర్చుని ఎదురుచూస్తుంటే నీళ్ళు నడుము దాకా కూడా రాలేదు. బోర్డు మీద కాదు, అరుగు మీద కూర్చున్నట్టుంది.

మీ వదిన కులాసా. ఆసుపత్రిలో ఆవిడ వినికిడి పరీక్షలు చేసే గదికి కొత్త తలుపు పెట్టారట, ఆ తలుపు కిర్రుమంటోందట. బీప్ వినపడితే చెయ్యెత్తాల్సిన పేషెంట్లు దానికీ ఎత్తుతున్నారట.

అన్నయ్య

*

షేపింగ్ గది,
ఏప్రిల్ 6

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి, రాసిపెట్టుకున్న టేపు కొలతలు ముందేసుకుని మళ్ళీ కూర్చున్నాను. ఎనభై నాలుగు కిలోల మనిషి ముప్పై రెండు లీటర్ల మీద కూర్చుంటే పక్కటెముకల దాకా తడవాలి. నీకు నడుము కూడా తడవలేదంటే, నేను ముప్పై రెండు అనుకుని చెక్కింది ఇంకేదో అయ్యుండాలి. ఇలా నాకెప్పుడూ జరగలేదు.

బరువు నిజమే రాశావా? పెళ్ళిలో కొలిచిన బరువు పనికిరాదు.

ఇరవై తొమ్మిదికి తగ్గించి ఇంకో జత పంపుతున్నాను. సూదికి అడుగు వంపు కాస్త తగ్గించాను, పీట అంచులు పలచన చేశాను.

అన్నట్టు, మలుపు తిప్పేటప్పుడు నువ్వు పెట్టే ఆ అరుపు ఇంకా ఉందా? చిన్నప్పుడు ఆ అరుపుని బట్టే నువ్వెక్కడున్నావో అమ్మ కనిపెట్టేది.

పొట్టి

*

వంటింటి బల్ల,
మే 2

పొట్టికి,

బరువు ఎనభై నాలుగే. మొన్ననే లిఫ్టు బరువులు చూసే కాటా మీద నిలబడ్డాను. పక్కన ఇద్దరు సాక్షులున్నారు.

ఇరవై తొమ్మిది నయం. పీట ఇప్పుడు మాట వింటోంది, కానీ రెండుసార్లు చెప్పాలి. సూది సంగతి ఇక వదిలెయ్. వంపు తగ్గించావు కాబట్టి కాస్త పరిగెత్తింది గానీ, అది మన అలల కోసం పుట్టిన బోర్డు కాదు. మంచి అలలున్న ఊరికి బదిలీ చేయించుకుంటే బాగుపడుతుంది.

పీటకి ఇంకో మూడు లీటర్లు తియ్యి. భయపడకుండా తియ్యి.

అరుపు మానేశాను. వయసొచ్చింది కదా.

అన్నయ్య

*

షేపింగ్ గది,
మే 14

అన్నయ్యకి,

ఇరవై ఆరు లీటర్ల పీట పంపుతున్నాను. అరవై కిలోల లోపు వాళ్ళు ఎక్కే బోర్డిది. నువ్వు దీని మీద కూర్చుంటే గుండెల దాకా మునుగుతావు, గెడ్డం తడిసినా నా పూచీ లేదు. నువ్వడిగావు కాబట్టి చేశాను.

ఇలాంటిదే ఇంకోటి నా దగ్గర ఉంచాను, కొట్టు ఆయనకి చూపించడానికి.

పొట్టి

*

వంటింటి బల్ల,
జూన్ 11

పొట్టికి,

ఇదీ బోర్డంటే! తోక మీద కాలు నొక్కితే చాలు, అంచు నీళ్ళలోకి దిగి పట్టుకుంటోంది. నడుమెత్తు అలలో మూడు మలుపులు. మొన్న ఆదివారం మోకాలెత్తు అల కూడా ఒడ్డు దాకా తీసుకొచ్చింది. కూర్చుంటే నీళ్ళు సరిగ్గా నడుముకి వచ్చాయి. లీటరు తీయకు, లీటరు కలపకు. ముప్పై బోర్డులూ ఇలాగే చెయ్యి.

ముక్కు దగ్గర రవ్వంత వెడల్పు తగ్గిస్తే ముందుకి మడిచిపడే అలలో నీళ్ళలోకి గుచ్చుకోదని ఒక ఆలోచన. నీ ఇష్టం.

చాలా రోజుల తరవాత ఒక బోర్డుని చూస్తే అసూయ పుట్టింది.

అన్నయ్య

*

షేపింగ్ గది,
జూన్ 20

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి సంతోషించాల్సింది. కూర్చుని ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, ఇది రాస్తున్నాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. కట్టు విప్పిన మాట నిజమే, బాగానే ఉందన్నది అబద్ధం. ఆపరేషను తరవాత బొటనవేలూ చూపుడువేలూ నావి కానట్టే ఉన్నాయి. ఇంతకుముందు అంచు మీద వేలు జారిస్తే మిల్లీమీటరు తేడా తెలిసిపోయేది. ఇప్పుడు తెలిసిందని అనుకుంటున్నానా, నిజంగా తెలుస్తోందా అన్నది నాకే తెలియడం లేదు. ఉప్పుకాగితం వేసేటప్పుడు ఎడమ చేత్తో కూడా ఒకసారి తడిమి చూసుకుంటున్నాను, ఎవరూ చూడకుండా. గదిలో నేను తప్ప ఎవరూ ఉండరు, అయినా చూడకుండానే.

ఈ పోలిక కొట్టు ఆయన కోసం మొదలుపెట్టిన మాట నిజం. నీకు పంపింది మాత్రం నా చెయ్యి కోసం. నీకు ముందే చెబితే జాలిపడి అన్నీ బాగున్నాయంటావని చెప్పలేదు. ముప్పై రెండని చెక్కింది నీ కింద ముప్పై ఎనిమిదిలా తేలింది. ఇరవై ఆరని చెక్కింది ముప్పై రెండులా ఉంది. అంటే నా చెయ్యి ఆరు లీటర్లు తప్పు చెబుతోంది. టేపు మాత్రం ప్రతిసారీ సరిగ్గా ఉందంటోంది. టేపుని నమ్మాలా, నిన్ను నమ్మాలా అని రెండు రోజులు ఆలోచించాను. తొమ్మిదేళ్ళప్పుడు నన్ను బోర్డు మీద పడుకోబెట్టి "ఇప్పుడు లే" అన్నావు, లేచి నిలబడ్డాను. టేపు నాకెప్పుడూ అలాంటిదేం చెప్పలేదు.

మిషను మీద బోర్డులు కోసే ఫ్యాక్టరీ ఒకటి ఇక్కడికొచ్చింది. వాళ్ళ మేనేజరు ఉద్యోగం ఇస్తానంటున్నాడు. మిషను కోసిన బోర్డుల మీద "సరిచూశాము" అని చీటీ అంటించాలి. దానికి వేళ్ళు అంత బాగా పనిచేయక్కర్లేదు. ఈ గది కూడా వాళ్ళే గోదాము కింద తీసుకుంటారట. ఇరవై ఎనిమిదో తారీకు మధ్యాహ్నం మూడింటికి సంతకాలు. చిత్రికని ఎవరికైనా ఇచ్చేస్తాను.

నువ్వు నిజం రాసినందుకు నాకు కోపం లేదు. అందుకే కదా నీకు పంపింది.

పొట్టి

*

వంటింటి బల్ల,
జూన్ 24

పొట్టీ,

సంతకం పెట్టకు. ముందు ఆ మాట గుర్తుపెట్టుకుని తరవాత మిగతాది చదువు.

నీ బోర్డులు నేను ఎక్కలేదు. ఒక్కటి కూడా. అన్నీ మీ వదినే ఎక్కింది. ఆవిడ యాభై ఆరు కిలోలు.

ఫోను మూడుసార్లు తీసి పెట్టేశాను. ఫోనులో అయితే మళ్ళీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. అందుకే కాగితం. ఇది అర్జంటు పోస్టులో వేస్తున్నాను.

పోయిన నవంబరులో పడ్డాను. పెద్ద అలేం కాదు. పెద్ద అలైతే పదిమందికీ చెప్పుకుని తిరిగేవాణ్ణి. బొడ్డెత్తు అల. నువ్వు రాశావే, సగంలో ఆగిపోయే రకం అని, అదే. పడ్డాను, కాలికి కట్టుకున్న తాడు అడుగున ఏదో రాయికి చుట్టుకుంది. పైనుంచి మూడు అలలు పోయాయి. మూడూ లెక్కపెట్టాను. మూడోదాని తరవాత తాడు దానంతటదే ఊడింది. ఒడ్డుకొచ్చి బోర్డు తుడుచుకుని ఇంటికొచ్చాను. నడుం పట్టేసిందని మీ వదినకి చెప్పాను. అప్పట్నుంచీ చీలమండలు దాటి నీళ్ళలోకి దిగలేదు. పద్నాలుగో అంతస్తులో లిఫ్టు గుంతలోకి తాడు పట్టుకుని వేలాడతాను, చెయ్యి వణకదు. అల చప్పుడు వింటే మాత్రం ఊపిరందదు. నాకు భయం. ఇది రాయడానికి ఏడు నెలలు పట్టింది.

మీ వదినకి రెండేళ్ళ కిందట నేనే నేర్పాను. నీకు చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాం. నీ మొదటి సంచి వచ్చినప్పుడు "నువ్వెక్కు, నేను చూసి రాస్తాను" అన్నాను. ఆవిడ బయటికొచ్చి "పర్లేదు", "తేలుతోంది" అంటుంది. దాన్ని నేను పేజీన్నర చేశాను. బరువు రాసే చోటికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. యాభై ఆరని రాస్తే ఎవరు, ఎందుకు అని అడుగుతావు. నాది రాసేశాను. బోర్డుకి మనిషి బరువెంత ముఖ్యమో నీకు నేర్పినవాణ్ణి నేనే. నీ చెయ్యి సంగతి తెలిసుంటే రాసేవాణ్ణి కాదు. అయినా అది సాకే.

నీ లెక్కల్లో ఒక్క తప్పూ లేదు. మీ వదిన బరువుకి ఇరవై ఆరే సరైనది. వెళ్ళి కొలుచుకో.

అన్నయ్య

పొట్టీ, వదినని. నేనెక్కుతున్నానని నీకు తెలుసని ఈయన చెప్పారు, నమ్మాను. లేకపోతే మార్చిలోనే నీకు ఫోను చేసేదాన్ని. రోజుకి పదిమంది మగవాళ్ళు వినపడకపోయినా చెయ్యెత్తడం చూస్తాను, ఈయన నడుం నొప్పి కూడా అలాంటిదేనని తెలుసు. అడిగితే ఇంకా గట్టిగా చెయ్యెత్తుతారని ఊరుకున్నాను. అది నా పొరపాటు. నాకు ఇంత చక్కగా కుదిరిన బోర్డు ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. "పర్లేదు" అన్నది నా వృత్తి అలవాటు, మనసులో మాట కాదు.

*

షేపింగ్ గది,
జూన్ 28, సాయంత్రం

అన్నయ్యకి,

నీ ఉత్తరం పదకొండింటికి వచ్చింది. మేనేజరు మూడింటికి రావాలి.

ముందు నిన్ను తిట్టాను. వినేవాళ్ళు లేరు కాబట్టి తృప్తిగా తిట్టాను. తరవాత నా దగ్గరున్న ఇరవై ఆరు పీటని మేడ మీది సిమెంటు తొట్టి దగ్గరికి మోసుకెళ్ళాను. పైవాటాలో ఉండే టైలరమ్మని బతిమాలాను. తొట్టి అంచు దాకా నింపి, ఇద్దరం కలిసి బోర్డుని పూర్తిగా లోపలికి నొక్కాం. అది తేలడానికి పుట్టింది, ముంచుతామంటే ఊరుకుంటుందా? ఇద్దరం నిలువునా తడిశాం. బోర్డు బయటికి తీసి, పొర్లిపోయినన్ని నీళ్ళని లీటరు జగ్గుతో మళ్ళీ పోస్తూ లెక్కపెట్టాం. ఇరవై ఆరు జగ్గులు, ఆ పైన ఒక గ్లాసుడు. గ్లాసుడు మా ఇద్దరి చేతులదని టైలరమ్మ అంది. ఆవిడ కొలతల మనిషి, నమ్మాను.

ఈ పని మార్చిలోనే చెయ్యొచ్చు కదా అని ఆవిడ అడిగింది. మా అన్నయ్య తప్పని రాశాక కొలవడం దేనికని అన్నాను. ఆవిడ నా వంక చూసి చీర పిండుకుంది.

మేనేజరు సరిగ్గా మూడింటికే వచ్చాడు. నేను తడి బట్టల్లోనే ఉన్నాను.

"ఏంటమ్మా, సంతకం పెడదామా?"

"పెట్టనండి. మా అన్నయ్యకి నీళ్ళంటే భయమట."

"దానికీ దీనికీ సంబంధమేంటమ్మా?"

"మూడు నెలల్నుంచీ నేను బుర్ర బద్దలుకొట్టుకుంటున్నది దాని గురించేనండి."

కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. గది మనదే.

కొట్టు ఆయనకి సూది వద్దు, పీటే చేస్తానని చెప్పాను. ముప్పైనీ ఒకే కొలతలో కాకుండా, యాభై ఆరు, డెబ్బై, ఎనభై నాలుగు కిలోల మనుషులకి మూడు రకాలుగా చేస్తాను. ముక్కు వెడల్పు తగ్గించమన్న ఆలోచన నీదా, వదినదా? వదినదే అయ్యుంటుంది, బాగుంది కాబట్టి. ఇకనుంచి రిపోర్టులు వదిన పేరుతోనే రావాలి. "పర్లేదు" అన్న ముక్క మీద నీ పేజీన్నర నాకొద్దు.

ఇక నీ సంగతి. నీ మీద కోపం పోలేదు. రెండు వేళ్ళని మూడు నెలలు అనుమానించాను, నీ వల్ల. కానీ మూడు అలలు లెక్కపెట్టానని రాసిన చోట నాకూ ఊపిరాగింది. నువ్వు పోయుంటే నాకు తెలిసేది కూడా కాదు, బొడ్డెత్తు అలలో పోయావంటే నేను నమ్మేదాన్ని కాదు. భయమేసిందని రాస్తే నేనేం అనుకుంటానని దాచావు? నా చెయ్యి పాడైందని రాస్తే నువ్వేం అనుకుంటావని నేను దాచాను? మనిద్దరం ఒకే తల్లి పిల్లలమని ఎవరూ సాక్ష్యం చెప్పక్కర్లేదు.

నీకొక బోర్డు చేస్తున్నాను. నలభై నాలుగు లీటర్లు, పెద్దది, పడవలా ఉంటుంది. ఎడమ చేత్తో తడమకుండా, కుడి వేళ్ళని నమ్మే చేస్తున్నాను. నిలబడక్కర్లేదు. అల ఎక్కక్కర్లేదు. అలలు లేని రోజు చూసుకుని ఊరికే కూర్చో. నీ బరువు నిజమైతే నీళ్ళు బొడ్డు కింద రెండు వేళ్ళ దగ్గర ఆగాలి. ఎప్పుడు కూర్చుంటావో నీ ఇష్టం, వచ్చే ఏడైనా సరే. దీనికి రిపోర్టు అక్కర్లేదు.

పొట్టి

*

ఒడ్డున, టవల్ మీద,
సెప్టెంబరు 9

పొట్టికి,

బోర్డు జులైలోనే చేరింది. ఆరు వారాలు హాల్లో గోడకి ఆనించి ఉంచాను. మీ వదిన దాని చుట్టూ తిరుగుతూ ఇల్లు ఊడ్చింది.

ఇవాళ పొద్దున కూర్చున్నాను. అలల్లేవు. భయం పోలేదు. మీ వదిన పక్కన మెడలోతు నీళ్ళలో నిలబడింది. పది నిమిషాలనుకుంటాను, ఆవిడ నాలుగంటోంది.

రిపోర్టు వద్దన్నావు కాబట్టి ఒక్క ముక్కే రాస్తున్నాను. నీళ్ళు బొడ్డు కింద సరిగ్గా రెండు వేళ్ళ దగ్గర ఆగాయి. వేళ్ళు మీ వదినవి. నా రెండు చేతులూ బోర్డుని వదల్లేదు.

అన్నయ్య